కాళ్ళకు బుద్ధి చెప్పడం ఎలా? టేబుల్‌టాప్ ఆర్పీజీలో పోరు వదిలి బయటపడే పద్ధతి

టేబుల్‌టాప్ ఆర్పీజీ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలో పాత్ర తరఫున ఆడే కథ ఆట. అందులో పార్టీ (ప్లేయర్ల పాత్రల జట్టు) మొత్తం తుడిచిపెట్టుకుపోయిన పోరాటాన్ని తర్వాత తీరిగ్గా విప్పి చూస్తే, దాదాపు ఎప్పుడూ అందులో ఒక రౌండ్ (అందరికీ తలో వంతు వచ్చే చుట్టు) కనిపిస్తుంది. ఆ రౌండ్‌లో అందరూ కలిసి బయల్దేరి ఉంటే బతికేవారు. కానీ అప్పుడు ఎవరూ కదల్లేదు. రెండు రౌండ్ల తర్వాత ఒకరు కదిలారు, ఇంకొకరు "ఇంకొక్క దెబ్బ కొడితే పడిపోతుంది" అన్నారు, మూడోవారు అప్పటికే నేల మీద ఉన్నారు. పారిపోవడం చేతకాక చచ్చే పార్టీలు తక్కువ. ఆలస్యంగా, తలో దారిన పారిపోయి చచ్చేవే ఎక్కువ. కింది పద్ధతి ఆ రెండు తప్పులనూ అడ్డుకోవడానికే.

లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ 2014 రూల్స్ ప్రకారం ఇస్తున్నాం, ఎందుకంటే పారిపోవడం అన్నిటికంటే చిక్కుగా ఉండేది అందులోనే. వేరే సిస్టమ్‌ల సంగతి చివర్లో ఉంది.

1. ఆట మొదలయ్యే ముందే మూడు మాటలు తేల్చుకోండి

మొదటిది, గేమ్ మాస్టర్‌ను (జీఎం, అంటే కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడే మనిషి) సూటిగా అడగండి: "మేం పారిపోతే ఏం జరుగుతుంది? ఇనిషియేటివ్ వరుసలోనే రౌండ్ రౌండ్‌కీ ఆడతామా, లేక చేజ్ రూల్స్‌లోకి మారతామా?" ఇనిషియేటివ్ అంటే పోరులో ఎవరి వంతు ఎప్పుడో పాచికలతో తేలే వరుస, చేజ్ రూల్స్ అంటే తరుముడుకు విడిగా ఉన్న రూల్స్. ఈ జవాబు మీద మీ ప్లాన్ అంతా ఆధారపడి ఉంటుంది. 2014 చేజ్ రూల్స్‌లో తరిమేవాళ్ళూ పరిగెత్తేవాళ్ళూ ఒకరి మీద ఒకరు ఆపర్చునిటీ అటాక్ (అందుబాటు దాటి పోతున్నవారి మీద వేసే అదనపు దెబ్బ) చేయడానికి వీల్లేదు. అంటే ఆ రూల్స్‌లోకి ఎంత త్వరగా మారితే మీకంత మేలు.

రెండోది, ఒక సంకేతపదం. పాత్ర నోటి నుంచి వచ్చేదైనా సరే, టేబుల్ మీద ప్లేయర్ చెప్పేదైనా సరే, ఎవరు ఆ మాట అన్నా ఆట ఒక్క నిమిషం ఆగాలి, ఉందామా పోదామా అన్నది ఓటుతో తేలాలి. "పోరు మధ్యలో ఇంత మాట్లాడుకోవడం వాస్తవంగా లేదు" అని కొందరు జీఎంలు అభ్యంతరం చెబుతారు. ఆరు సెకన్ల రౌండ్‌లో అది నిజమే. కానీ ఏళ్ళ తరబడి కలిసి తిరిగిన సాహసికులకు కళ్ళతోనే అర్థమయ్యే సంగతి, వారానికోసారి కలిసే ప్లేయర్లకు నోటితో చెప్పుకుంటే తప్ప అర్థం కాదు. ఆ నిమిషం ఇవ్వడం న్యాయమే.

మూడోది, కలుసుకునే చోటు. ప్రతి కొత్త గదిలో అడుగుపెట్టినప్పుడూ "విడిపోతే ఎక్కడ?" అని ఒకరు అడగాలి. మ్యాప్ గీసే ప్లేయర్‌కు ఈ పని అప్పగిస్తే మర్చిపోరు.

2. ఎప్పుడు పోవాలో గుర్తు పెట్టుకోండి

"పరిస్థితి బాగోలేదనిపిస్తే పోదాం" అన్నది గుర్తు కాదు. అలా అనిపించేసరికే ఆలస్యం అయిపోతుంది. కళ్ళకు కనిపించే, లెక్కపెట్టగలిగే గుర్తులు కావాలి:

- రెండో రౌండ్ ముగిసేలోగా పార్టీలో సగం మంది హెచ్‌పీ (ప్రాణబలం పాయింట్లు) సగానికి పడిపోయింది.
- డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 15, 16 పడినా దెబ్బ తగలడం లేదు.
- ఒకరి హెచ్‌పీ సున్నాకు పడింది, లేపడానికి స్పెల్ స్లాట్ (ఒక మంత్రం వేసే వీలు) ఒకటే మిగిలింది. ఆ ఒక్కటీ పోరాటం కొనసాగించడానికి కాదు, బయటపడటానికి.
- శత్రువుకు కొత్త బలగం వచ్చింది, మీకు వచ్చేది ఎవరూ లేరు.

వీటిలో ఏదైనా రెండు కలిస్తే సంకేతపదం చెప్పేయండి. అందరూ నిలబడి ఉన్నప్పుడు వెనక్కి తగ్గడం మహా అయితే ఒక రౌండ్ దెబ్బలతో పోతుంది. ఒకరు పడ్డాక తగ్గాలంటే మోయడానికి ఇంకొకరు కావాలి, అంటే ఇద్దరు పోరులో లేనట్టే. ఇద్దరు పడ్డాక నలుగురి పార్టీకి పారిపోవడం అనేది ఇద్దరిని వదిలేసి పోవడమే.

3. వేగం లెక్క చూడండి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు, కాబట్టి నిదానంగా చూద్దాం.

మనిషి వేగం 30 అడుగులు. మరుగుజ్జు, హాఫ్లింగ్ అయితే 25. జాంబీ 20, జెలటినస్ క్యూబ్ 15. వీటి నుంచి నడిచి కూడా తప్పించుకోవచ్చు. అస్థిపంజరం, గాబ్లిన్, ట్రోల్ అన్నీ 30. తోడేలు, ఓగర్, ఔల్‌బేర్ 40. యంగ్ రెడ్ డ్రాగన్ ఎగిరితే 80. మీ వేగానికి సమానమైనదాన్ని గానీ ఎక్కువైనదాన్ని గానీ ఒట్టి పరుగుతో ఎప్పటికీ వదిలించుకోలేరు. పరుగు మీకు సమయం మాత్రమే కొనిపెడుతుంది. తప్పించేది తలుపో, పొగమంచో, గోతో, కనుమరుగయ్యే మలుపో.

ఇప్పుడు అసలు ప్రశ్న: డిసెంగేజ్ చేయాలా, డాష్ చేయాలా? యాక్షన్ అంటే మీ టర్న్‌లో (మీ వంతులో) చేయగల ముఖ్యమైన పని. దానితో డిసెంగేజ్ చేస్తే కదిలేటప్పుడు ఆపర్చునిటీ అటాక్ ఉండదు, డాష్ చేస్తే రెట్టింపు దూరం పోవచ్చు. చాలామందికి డిసెంగేజ్ సురక్షితం అన్న నమ్మకం ఉంది. ట్రోల్‌తో లెక్కేయండి. మీరు డిసెంగేజ్ చేసి 30 అడుగులు వెళ్ళారు. ఆపర్చునిటీ అటాక్ లేదు, సంతోషం. ట్రోల్ తన టర్న్‌లో 30 అడుగులూ నడిచి మీ పక్కకు వచ్చేసింది, దాని యాక్షన్ ఇంకా చేతిలోనే ఉంది. ఒక కాటు, రెండు పంజాలు: సగటున 7, 11, 11. మూడూ తగిలితే 29. మీరు మీ టర్న్ మొత్తం ఖర్చు పెట్టి సాధించిందేమీ లేదు.

అదే డాష్ చేస్తే? మీరు కదలగానే ట్రోల్ ఒక ఆపర్చునిటీ అటాక్ చేస్తుంది. అది ఒక్క దెబ్బే, మల్టీఅటాక్ (ఒకే యాక్షన్‌తో కొట్టే చాలా దెబ్బలు) కాదు. తగిలితే సగటున 11. మీరు 60 అడుగుల దూరంలో ఉన్నారు. ట్రోల్ మీ దగ్గరకు రావాలంటే అదీ డాష్ చేయాల్సిందే, అంటే దాని యాక్షన్ ఖర్చయింది, ఆ టర్న్‌లో కొట్టలేదు. 29 ముప్పుకు బదులు 11 ముప్పు. అయితే వచ్చే రౌండ్‌లో మళ్ళీ పక్కనే ఉంటుంది, మళ్ళీ ఒక దెబ్బ. ఈ బేరం రెండు మూడు రౌండ్లకే పనికొస్తుంది, ఆ లోపు ఏదో ఒక అడ్డు పడాలి.

దీన్నిబట్టి: ఒకే టర్న్‌లో చాలా దెబ్బలు కొట్టే ఒంటరి పెద్ద మాన్‌స్టర్ నుంచి డాష్. చుట్టూ నలుగురైదుగురు చిన్నవాళ్ళు, వాళ్ళ దగ్గర విల్లంబులు కూడా ఉంటే డిసెంగేజ్. నలుగురు గాబ్లిన్ల మధ్య నుంచి డాష్ చేస్తే ముందు నాలుగు కత్తిదెబ్బలు, ఆ తర్వాత వాళ్ళు తరమాల్సిన పని కూడా లేకుండా నాలుగు బాణాలు. వాళ్ళ చిన్న విల్లుకు మామూలు దూరమే 80 అడుగులు. డిసెంగేజ్ అయితే ఆ మొదటి నాలుగూ తప్పుతాయి. 30 అడుగుల లోపే తలుపు ఉన్నా, శత్రువు మీకంటే మందగతి అయినా డిసెంగేజ్‌కే ఓటు.

రోగ్‌కు (చాటు పనుల్లో ఆరితేరిన పాత్ర) రెండో లెవెల్‌లో కన్నింగ్ యాక్షన్ (ఇలాంటివాటిని బోనస్ యాక్షన్‌గా, అంటే అదనపు చిన్న పనిగా చేసే వీలు) వస్తుంది కాబట్టి డాష్, డిసెంగేజ్ రెండూ ఒకే టర్న్‌లో కుదురుతాయి. మాంక్‌కు (ఒట్టి చేతులతో పోరాడే పాత్ర) ఒక కీ పాయింట్ (ఆ పాత్రకుండే శక్తి లెక్క) ఖర్చుతో అదే సౌకర్యం. ఈ ఇద్దరూ "నేనైతే ఎప్పుడైనా పోగలను" అన్న ధీమాతో మిగతావాళ్ళను ఆలస్యం చేయించడం తరచూ జరుగుతుంది. సంకేతపదం హక్కు వీళ్ళకంటే ముందు బరువు కవచం తొడిగినవాళ్ళకు ఇవ్వండి.

4. ఎవరు ముందు కదలాలి?

సినిమా పద్ధతిలో వీరుడు చివర్న నిలబడి "మీరు పోండి" అంటాడు. ఈ రూల్స్‌లో ఒక్క పెద్ద శత్రువు విషయంలో అది తలకిందులు. ఎవరికైనా రౌండ్‌కు రియాక్షన్ (ఇంకొకరి పనికి బదులుగా చేసే పని, ఆపర్చునిటీ అటాక్ దానితోనే) ఒక్కటే, అది మళ్ళీ తన టర్న్ మొదట్లో గానీ రాదు. కాబట్టి ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన రక్షణ అంకె) ఎక్కువ, హెచ్‌పీ ఎక్కువ ఉన్న ఫైటర్ ముందు కదిలి ఆ ఆపర్చునిటీ అటాక్ తన మీద వేయించుకోవాలి. ఆ తర్వాత, ట్రోల్ టర్న్ వచ్చేలోపు, మిగతా ముగ్గురూ దాని పక్క నుంచి దర్జాగా వెళ్ళిపోవచ్చు. జీఎం తెలివైన శత్రువుతో ఆ రియాక్షన్‌ను దాచుకోనివ్వచ్చు. ఒట్టి ఆకలి జంతువైతే మొదట కదిలినదాన్నే కొడుతుందని ఆశించవచ్చు.

ఇనిషియేటివ్ వరుస ఇందుకు అనుకూలించకపోతే రెడీ యాక్షన్ వాడండి: "ఫైటర్ కదలగానే నేనూ కదులుతాను." గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, రెడీతో మీ వేగం మేరకే కదలగలరు, డాష్ కుదరదు, మీ రియాక్షన్ కూడా ఖర్చవుతుంది.

రియాక్షన్‌ను పూర్తిగా చంపేసే దారులూ ఉన్నాయి. షాకింగ్ గ్రాస్ప్ మంత్రం తగిలితే శత్రువు తన తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా రియాక్షన్ తీసుకోలేదు. ఇది క్యాంట్రిప్, ఖర్చు లేదు, అయినా పారిపోయేటప్పుడు గుర్తొచ్చే విజర్డ్ అరుదు. మిస్టీ స్టెప్ మంత్రం బోనస్ యాక్షన్‌తో మిమ్మల్ని మాయం చేసి 30 అడుగుల లోపు ఇంకో చోట తేలుస్తుంది. టెలిపోర్ట్ అయినవారి మీద ఆపర్చునిటీ అటాక్ ఉండదు. ఒకటి మాత్రం జాగ్రత్త: సెంటినెల్ ఫీట్ (అదనపు నైపుణ్యం) ఉన్న శత్రువు ముందు డిసెంగేజ్ పని చేయదు, దెబ్బ తగిలితే మీ వేగం సున్నా అయి అక్కడే నిలబడిపోతారు.

5. మధ్యలో ఏదో ఒకటి పెట్టండి

తలుపు దొరికితే అదే ఉత్తమం. కదులుతూ ఒక వస్తువును ఉచితంగా తాకే వీలు ఉంటుంది కాబట్టి తలుపు మూయడానికి యాక్షన్ అక్కర్లేదు. గడియ పెట్టాలన్నా, మేకు దిగగొట్టాలన్నా యాక్షన్ కావాలి. అది చేసేవారు ముందుగానే తలుపు దగ్గరకు చేరి ఉండాలి. అందరికంటే చివర వచ్చేవారే తలుపు మూసి మేకు కూడా కొడతారనుకోవడం చాలా ప్లాన్లను ముంచేసిన పొరపాటు.

తలుపు లేకపోతే సంచిలో సరుకు. కాల్ట్రాప్స్ (కాళ్ళకు గుచ్చుకునే ఇనుప ముళ్ళు) సంచిలో 20 ఉంటాయి, యాక్షన్‌తో చల్లితే 5 అడుగుల చదరం నిండుతుంది. అందులో కాలు పెట్టినవారు డీసీ 15 డెక్స్టెరిటీ సేవ్ (పాచికతో 15 అందుకోవాల్సిన చురుకుదనం పరీక్ష) తప్పితే అక్కడే ఆగిపోతారు, 1 డ్యామేజ్ తగులుతుంది, వైద్యం అయ్యేదాకా వేగం 10 అడుగులు తగ్గుతుంది. బాల్ బేరింగ్స్ సంచి 10 అడుగుల చదరానికి చాలుతుంది, డీసీ 10, తప్పితే బోర్లా పడతారు, లేవడానికి సగం వేగం పోతుంది. రెండూ ఒక్కో బంగారు నాణేనికే వస్తాయి. 5 అడుగుల సందులో ఒక్క కాల్ట్రాప్స్ సంచి చాలు. 10 అడుగుల నడవలో ఒకటి చల్లితే పక్క నుంచి నడిచి వస్తారు. సగం వేగంతో నడిచే శత్రువుకు సేవ్ అక్కర్లేదు, కానీ మీకు కావలసిందే అది. ఎగిరేవాటి ముందు ఇవన్నీ వృథా.

స్పెల్స్‌లో పారిపోయేవారికి అన్నిటికంటే విలువైనది మొదటి లెవెల్ ఫాగ్ క్లౌడ్. 20 అడుగుల వ్యాసార్థంలో దట్టమైన మంచు కమ్ముతుంది. ఆపర్చునిటీ అటాక్ చేయాలంటే కదిలేవారు కంటికి కనిపించాలి, మంచులో కనిపించరు. విలుకాళ్ళకూ గురి పోతుంది. అయితే అది కాన్సంట్రేషన్ స్పెల్, వేసినవారు పడిపోతే మంచూ పోతుంది. అందుకే ఆ క్యాస్టర్‌ను చివర్న ఉంచకండి. వెబ్ (సాలెగూడు మంత్రం) నడవలో అద్భుతం: రెండు గట్టి ఆధారాల మధ్య కట్టాలి, లేదా నేల మీదో గోడ మీదో పరవాలి, లేకపోతే కూలిపోతుంది. వెబ్ వేశాక మీ సోర్సరర్ ఫైర్‌బోల్ట్ విసరకుండా చూసుకోండి, అది అంటుకుంటుంది.

6. పడిపోయినవారి సంగతి

మోయడం గురించి చాలామంది ఆలోచించేది తప్పు లెక్క. మోయగల బరువు స్ట్రెంగ్త్‌కు 15 రెట్లు పౌండ్లు. స్ట్రెంగ్త్ 16 ఉన్న ఫైటర్ 240 పౌండ్లు మోస్తాడు. పడిపోయిన పాలడిన్ ఒళ్ళు 160 అనుకుంటే, ప్లేట్ కవచం 65, మొత్తం 225. సరిపోయిందనుకునేరు, ఫైటర్ సొంత కవచం, ఆయుధం, మూట అందులోనే లెక్క. 240 దాటితే 480 వరకు ఈడ్చవచ్చు, కానీ వేగం 5 అడుగులకు పడిపోతుంది. అది పారిపోవడం కాదు. మూటలు విప్పి పారేయండి, లేదా ఇద్దరు పంచుకోవడానికి జీఎం ఒప్పుకుంటారేమో అడగండి.

దానికంటే లేపడం నయం. హీలింగ్ వర్డ్ మంత్రానికి బోనస్ యాక్షన్ చాలు, 60 అడుగుల దూరం నుంచి పని చేస్తుంది. లేచిన మనిషికి నిలబడటానికి 15 అడుగులు ఖర్చు, మిగిలిన 15కు డాష్ 30 కలిపితే 45 అడుగులు తన కాళ్ళ మీదే వెళ్తారు. టైమింగ్ ముఖ్యం: పడినవారి టర్న్‌కు సరిగ్గా ముందు లేపాలి. శత్రువు టర్న్‌కు ముందు లేపితే మళ్ళీ పడతారు, స్లాట్ కూడా పోతుంది.

స్పృహ లేనివారి పక్కన శత్రువును వదలకండి. 5 అడుగుల లోపు నుంచి తగిలిన దెబ్బ క్రిటికల్, అంటే ఒకేసారి రెండు డెత్ సేవ్‌లు (సున్నాకు పడ్డవారు బతకడానికి వేసే పాచికలు) పోయినట్టు. మూడు పోతే ప్రాణం పోయినట్టే.

7. తరుముతుంటే

చేజ్ రూల్స్‌లోకి వచ్చాక ప్రతి ఒక్కరికీ 3 + కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ (దేహదారుఢ్యం వల్ల కలిసే అంకె) సార్లు డాష్ ఉచితం. కాన్‌స్టిట్యూషన్ 14 అయితే మాడిఫయర్ 2, అంటే ఐదుసార్లు. ఆ పైన ప్రతి డాష్‌కూ డీసీ 10 చెక్, తప్పితే ఒక ఎగ్జాషన్ (అలసట) లెవెల్. ఈ లెక్కలో మొదట కుప్పకూలేది విజర్డే, అందుకే ఐదు రౌండ్ల లోపే కనుమరుగు కావాలని పెట్టుకోండి. రౌండ్ చివర్న స్టెల్త్ (నక్కడం) చెక్ తరిమేవాళ్ళ పాసివ్ పర్సెప్షన్‌ను (పాచిక వేయకుండానే ఉండే గమనింపు అంకెను) దాటితే తప్పించుకున్నట్టు. కానీ ముందున్న తరిమేవాడి చూపు నుంచి ఒక్కసారీ పక్కకు తప్పుకోకపోతే ఆ చెక్ దానంతటదే తప్పుతుంది. తిన్నని దారి శత్రువుది, మలుపులున్న దారి మీది.

వస్తువులు వదలడానికి వెనకాడకండి. 1981 నాటి బేసిక్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దీనికి రూలే ఉంది: తెలివిలేని జంతువుకు తిండి, తెలివైనదానికి నిధి వదిలితే 6లో 3 వంతుల అవకాశంతో అది తరమడం ఆపుతుంది. ఏ సిస్టమ్ ఆడుతున్నా మీ జీఎంకు ఈ ప్రతిపాదన పెట్టవచ్చు. బతికుంటే బలుసాకు తినొచ్చు, నాణేల సంచి మళ్ళీ దొరుకుతుంది.

8. మీరు గేమ్ మాస్టర్ అయితే

ప్లేయర్లు పారిపోకపోవడానికి మొదటి కారణం మీ మీద ఉన్న నమ్మకం: "గెలవలేనిది పెట్టరులే." పెట్టారని మాటల్లో చెప్పండి. "అది భయంకరంగా ఉంది" అంటే వాళ్ళకు చెవికి ఎక్కదు. "మీ ఫైటర్ కొట్టిన కత్తి దాని చర్మం మీద గీత కూడా పెట్టలేదు, దాని వెనక సొరంగంలో ఇంకో జత కళ్ళు" అంటే ఎక్కుతుంది. దారి ఎక్కడుందో కూడా వర్ణనలో చొప్పించండి. మ్యాప్ కాగితం అంచు గోడ అనుకునే ప్లేయర్లు ఎందరో.

బతికి ఉన్న అందరూ "పోతున్నాం" అన్న క్షణమే ఇనిషియేటివ్ ఆపి చేజ్‌లోకి మారండి. శత్రువుకు తరిమే కారణం ఉందో లేదో చూడండి. గూడు కాపాడుకునే జంతువు గుమ్మం దాటి రాదు. కాపలాదారు తన చోటు వదలడు. కిరాయివాడు గాయపడ్డాక డబ్బు లెక్క చూసుకుంటాడు. ప్రతిదీ చివరి ప్లేయర్ చచ్చేదాకా తరిమితే, వచ్చేసారి పారిపోవడమే మానేస్తారు.

వేరే సిస్టమ్‌లలో

పాత్‌ఫైండర్ 2వ ఎడిషన్‌లో పని సులువు: ఆపర్చునిటీ దెబ్బ అందరికీ ఉండదు, ఎక్కువగా ఫైటర్లకూ కొన్ని మాన్‌స్టర్లకే. లేదని తేలితే మూడు యాక్షన్లతో మూడు స్ట్రైడ్‌లు (వేగం మేరకు కదలడం), 25 వేగంతో 75 అడుగులు. ఉందని అనుమానమైతే ముందు ఒక స్టెప్ (5 అడుగుల జాగ్రత్త అడుగు). అయితే 10 అడుగుల రీచ్ ఉన్నదాని ముందు ఒక్క స్టెప్ సరిపోదు.

1981 బేసిక్‌లో వెనక్కి తగ్గుతున్నామని ఇనిషియేటివ్ వేయకముందే ప్రకటించాలి. సగం వేగంతో వెనక్కి జరుగుతూ పోరాడటం ఒక పద్ధతి, వెన్ను చూపి పరిగెత్తడం ఇంకోటి. రెండోదానికి శత్రువుకు +2, మీ డాలు లెక్కలోకి రాదు.

ఫేట్‌లో కన్సీడ్ (ఓటమి ఒప్పుకుంటున్నాం) అనాలంటే ఎదుటివారి పాచికలు పడకముందే అనాలి. ఓడిపోయినా ఎలా ఓడారో చెప్పే హక్కు మీదే, పైగా ఫేట్ పాయింట్ వస్తుంది. పాచికలు పడ్డాక గుర్తొస్తే లాభం లేదు.

13త్ ఏజ్ పద్ధతి అన్నిటికంటే పొట్టిది, మా లెక్కలో అన్నిటికంటే తెలివైనది కూడా: ఎవరి టర్న్‌లోనైనా ఒకరు పారిపోదామంటారు, అందరూ ఒప్పుకుంటే పడిపోయినవారితో సహా అందరూ బయటపడతారు, బదులుగా కథలో ఒక నష్టం. యువరాణి చేయి దాటిపోయింది, తంతు పూర్తయింది, ఊరు తగలబడింది, ఏదో ఒకటి. గళ్ళు లెక్కపెట్టే ఓపిక లేని టేబుల్‌కు ఈ రూల్‌ను 5వ ఎడిషన్‌లోకి యథాతథంగా తెచ్చుకోవచ్చు. నష్టమేమిటో జీఎం అప్పటికప్పుడు చెప్పాలి, లేకపోతే ప్రతి పోరూ మూడో రౌండ్‌లో రద్దవుతుంది.

బయటపడ్డాక

కలుసుకునే చోట తలలు లెక్కపెట్టండి. షార్ట్ రెస్ట్‌కు (కొంత హెచ్‌పీ తిరిగి తెచ్చుకునే చిన్న విశ్రాంతి) గంట కావాలి, ఆ గంట శత్రువుకూ ఉంది. అది మీ అడుగుజాడలు పట్టుకుని వస్తుంది, లేదా మీరు వచ్చిన ద్వారం మూసి కాపలా రెట్టింపు చేస్తుంది. కాబట్టి మొదటి పది నిమిషాలు కదులుతూనే ఉండండి, నీటిలోనో రాతినేల మీదో జాడ తెంచండి, ఆ తర్వాతే కూర్చోండి. కూర్చున్నాక మీరు చూసినవన్నీ ఒకరు కాగితం మీద పెట్టాలి: ఎంత పడితే దెబ్బ తగిలింది, ఏ డ్యామేజ్ పని చేయలేదు, అది ఎంత వేగంగా కదిలింది. ట్రోల్ గాయాలు నిప్పుతోనో యాసిడ్‌తోనో కాలితే తప్ప పూడిపోతూనే ఉంటాయని ఈ కాగితం మీదే తేలుతుంది, రెండోసారి వెళ్ళేటప్పుడు నూనె సీసాలు మూటలో ఉంటాయి.